ఒక్క క్లిక్కుతో స్క్రిప్టు పెట్టించాక సపోర్టు బాధ్యత ఎవరిది?

కృష్ణలంక: నేను వెబ్ హోస్టింగ్ (సైట్లకు సర్వర్‌లో చోటు) తిరిగి అమ్మే చిన్న రీసెల్లర్‌ని, డెబ్బై మంది కస్టమర్లు. కస్టమర్లు తమ ఖాతా చూసుకునే సీప్యానెల్‌లో, స్క్రిప్టులను (సైటు నడిపే రెడీమేడ్ ప్రోగ్రాములను) ఒక్క క్లిక్కుతో పెట్టించే సాఫ్టాక్యులస్ పెట్టాక, వాటిలో ఒకటైన వర్డ్‌ప్రెస్ ఎక్కించి పెట్టమని అడిగేవారు లేకుండా పోయారు. అలా మిగిలిన సమయమంతా ఇప్పుడు ఫోన్లకే సరిపోతోంది. నిన్న మధ్యాహ్నం సర్వర్‌లో పీహెచ్‌పీని (ఆ స్క్రిప్టులు రాసిన భాషను) 7.4 నుంచి 8.1కి మార్చాను. వారం ముందే అందరికీ మెయిల్ పంపాను. రాత్రి పదిన్నరకు చీరల దుకాణం యజమాని ఫోన్ చేసి, "సైటు తెల్లకాగితంలా ఉందండీ" అన్నారు. చూస్తే థీము (సైటు రూపాన్నిచ్చే ఫైళ్లు) 2016 నాటిది, కొత్త పీహెచ్‌పీతో నడవనిది. అది నేనిచ్చింది కాదన్నాను. "బటన్ మీ ప్యానెల్‌లోనే ఉంది కదండీ" అన్నారు. ఏం చెప్పాలో తోచలేదు. మీరంతా గీత ఎక్కడ గీస్తున్నారు?

పాత సర్వర్: ఆయన మాటలో తప్పేముంది? అమ్మేటప్పుడు వందల స్క్రిప్టులు ఉచితమని మనమే ఊదరగొడతాం. చిక్కు రాగానే వాటిని రాసినవారిని అడగమంటాం. నేను ఏడేళ్లు హోస్టింగ్ సపోర్టులో పనిచేశాను. మాకు కాగితం మీద ఉన్న నియమం "స్క్రిప్టులకు సపోర్టు లేదు". చేతల్లో మాత్రం పదిహేను నిమిషాలు చూసేవాళ్లం. తెల్ల తెర అంటే ముందు ఎర్రర్ లాగ్ (సర్వర్ తప్పులు రాసుకునే ఫైలు), తర్వాత ఫైల్ మేనేజర్‌లో ప్లగిన్స్ (సైటుకు తగిలించుకునే అదనపు ప్రోగ్రాములు) ఫోల్డర్ పేరుకు ఒక అక్షరం తగిలించడం. అలా ప్లగిన్లన్నీ ఆగాక సైటు లేచి కూర్చుంటే తప్పు ఏదో ప్లగిన్‌ది. పేరు మళ్లీ సరిచేసి, ఒక్కొక్కటే ఆన్ చేసి చూసుకోమని రాసేవాళ్లం. లాగ్‌లో థీము పేరున్న వరుసను అలాగే అతికించి పంపి చూడండి, సగం కోపం అక్కడే దిగిపోతుంది.

మల్లెపందిరి: కస్టమర్‌గా నా గోడు. నాది కథల సైటు. ఆ ఒక్క క్లిక్కు ఇన్‌స్టాలర్ జాబితాలో రెండు సైట్లు కనిపిస్తే, పాతదనుకుని ఒకదాని పక్కనున్న తొలగింపు గుర్తు నొక్కాను. జాబితాలోంచి పోతుంది, అంతే అనుకున్నాను. డైరెక్టరీ, డేటాబేసు తీసేయడానికి టిక్కులు ముందే పెట్టి ఉన్నాయి, చదవలేదు. పోయింది నడుస్తున్న సైటు! బ్యాకప్ కూడా అదే ఖాతాలో. స్థలం నిండి అది మూడు నెలలుగా ఆగిపోయి ఉందట. హోస్టు వాళ్లు తమ వారాంతపు కాపీ నుంచి తిరిగి నిలబెట్టారు, అది వాళ్ల షరతుల్లో లేకపోయినా. నాలుగు కథలు మాత్రం దక్కలేదు.

టికెట్ల బండి: బ్యాకప్ గురించి అడగకముందే చెప్పాలి, నిజం. నాకు తగిలిన దెబ్బ వేరు. ఒక క్లబ్బు వారు ఇన్‌స్టాలర్‌తో చర్చావేదిక స్క్రిప్టు పెట్టుకున్నారు. డేటాబేసు పట్టికలు, తెలుగు పట్టని అక్షర సంకేతం (క్యారెక్టర్ సెట్) అయిన లాటిన్‌1లో ఏర్పడ్డాయి. తెలుగులో రాసిందల్లా ప్రశ్నార్థకాలై కూర్చుంది. క్యారెక్టర్ సెట్‌ను తెలుగు పట్టే యూటీఎఫ్8కి మార్చినా, ప్రశ్నార్థకాలుగా భద్రమైనవి ఇక తిరిగి అక్షరాలు కావు. ఇన్‌స్టాల్ అవడమంటే పనిచేయడం కాదని వాళ్లకు ఎలా చెప్పను?

ఇంకొకటి, ఆటో అప్‌డేట్లు. వర్డ్‌ప్రెస్ 3.7 నుంచి, అంటే 2013 నుంచి, చిన్న విడుదలలు వాటంతటవే ఎక్కుతాయి. కొందరు భయపడి ఆపేస్తారు. 2017 జనవరిలో ఒక భద్రతా లోపాన్ని పూడ్చే 4.7.2 వచ్చాక అలా ఆపుకున్నవారి టపాలను ఎవరెవరో వచ్చి మార్చేశారు. ఆ వారం వచ్చిన టికెట్లు (సాయం కోరే ఫిర్యాదులు) తలచుకుంటే ఇప్పటికీ నీరసమే.

కృష్ణలంక: అందరికీ ధన్యవాదాలు. బటన్ పక్కనే రెండు వాక్యాలు పెడుతున్నాను: ఎక్కించే వరకు మేం చూస్తాం, థీములు, ప్లగిన్లు మీవి, బ్యాకప్ మీ కంప్యూటర్‌లోనూ ఒకటి ఉంచుకోండి. చీరల ఆయన ఖాతాకు మాత్రం ఒక నెల పాటు 7.4 తిరిగి ఇచ్చాను.

పాత సర్వర్: 7.4కు భద్రతా సవరణలు 2022 నవంబరుతోనే ఆగిపోయాయి. ఆ నెల ఏ తేదీతో ముగుస్తుందో ఆయనకు రాసి ఇచ్చారా?

కృష్ణలంక: లేదు. ఇప్పుడే పంపుతున్నాను.