హేక్ చేపల వేట: 1950ల నాటి గంటనూ నేటి గంటనూ పోల్చవచ్చా?

సాగర్‌తీరం: నల్లగొండలో స్టాటిస్టిక్స్ పీజీ చదువుతూ, ప్రాజెక్టు కోసం దక్షిణాఫ్రికాలో హేక్ అనే సముద్రపు చేపల వేట లెక్కలను ఎంచుకున్నాను. 1950లలో లక్ష టన్నుల స్థాయిలో ఉన్న వార్షిక దిగుబడి, విదేశీ ట్రాలర్లు (వల లాగుతూ వేటాడే నౌకలు) వచ్చి చేరడంతో 1970ల మొదట్లో దాదాపు మూడు లక్షల టన్నులకు ఎగబాకి, తర్వాత సుమారు సగానికి తగ్గింది. మొత్తం దిగుబడిని కాక, వల లాగిన గంటకు ఎంత చేప పడిందో చూడాలని మా గైడు గారు సూచించారు. అన్ని దశాబ్దాల గంటలనూ ఒకే గ్రాఫ్‌లో పెట్టవచ్చా?

పాలమూరు లెక్కలు: నేరుగా పెట్టకూడదండి. ఇంజన్ల బలం పెరిగి, శబ్దంతో చేపల గుంపులను కనిపెట్టే ఎకో సౌండర్, జీపీఎస్ వచ్చాక ట్రాలర్ అదే గంటలో ఎక్కువ చేప పట్టగలదు కనుక, గంటకు పడే బరువు నిలకడగా కనిపిస్తూనే సముద్రంలో నిల్వ తగ్గిపోవచ్చు. దీనికి ఎదురు చిక్కు కూడా ఉంది: 1975లో వల కన్ను కనీస పరిమాణాన్ని 110 మిల్లీమీటర్లు చేశారు, చిన్న చేపలు తప్పించుకుపోతే గ్రాఫ్‌లో అది నిల్వ తగ్గినట్లే కనిపిస్తుంది. 1977లో ఆ దేశం 200 నాటికల్ మైళ్ల వరకు వేట హక్కు ప్రకటించాక విదేశీ నౌకలు చాలావరకు వెళ్లిపోయాయి, అంటే లెక్క ఇచ్చే నౌకలే మారాయి. సంవత్సరం, నెల, లోతు, నౌక అంశాలుగా జీఎల్ఎం (జనరలైజ్డ్ లీనియర్ మోడల్, ఒక్కో అంశం ప్రభావాన్ని విడిగా అంచనా వేసే గణాంక పద్ధతి) నమూనా కట్టి, సంవత్సరపు ప్రభావాన్ని విడదీయండి. ఒకే నౌక మధ్యలో కొత్త పరికరం బిగించుకుంటే మాత్రం నమూనా ఆ తేడాను పట్టలేదు.

పుట్టి వేట: ఎండాకాలంలో నాగార్జునసాగర్ నీరు తగ్గితే చేప ఒకచోట గుమిగూడి మా వలలు నిండుతాయి, అంతమాత్రాన చేప పెరిగిందని మేమెవరమూ అనుకోము. ట్రాలర్లూ గుంపులున్న చోటికే పోతాయి కదా, దాన్ని మీ నమూనా ఎట్లా సరిచేస్తుంది?

పాలమూరు లెక్కలు: పూర్తిగా సరిచేయలేదన్నా. అందుకే 1980ల మధ్య నుంచి పరిశోధక నౌకలు యాదృచ్ఛికంగా ఎంచుకున్న చోట్ల వల వేసి సేకరించిన సర్వే లెక్కలను కూడా చూస్తారు.

కృష్ణ ఒడ్డు: జాతుల విషయం ఎవరూ ఎత్తలేదు. తక్కువ లోతులో మెర్లూసియస్ కాపెన్సిస్, ఎక్కువ లోతులో మెర్లూసియస్ పారడాక్సస్ ఉంటాయి. మధ్య లోతుల్లో రెండూ కలిసి పడతాయి. చూపుకు ఒకేలా ఉండటంతో దిగుబడిలో రెండింటినీ కలిపే రాశారు. వేట లోతుకు జరిగేకొద్దీ రెండో జాతి వాటా పెరిగింది. వల వేసిన లోతు, చేప పరిమాణం ఆధారంగా విడదీయకపోతే మీ గీత ఏ జాతి గురించి చెబుతోందో తెలియదు.

సాగర్‌తీరం: అందరికీ ధన్యవాదాలు. 1978 నుంచి విడి శ్రేణిగా తీసుకుంటాను. వల వేసిన సమయాన్నీ నమూనాలో చేర్చాలా?

కృష్ణ ఒడ్డు: తప్పకుండా చేర్చండి. హేక్ రాత్రి అడుగు వదిలి పైకి లేస్తుంది కాబట్టి, అడుగున లాగే వలకు పగలే ఎక్కువ పడుతుంది.