74 ఏళ్ల షుగర్ పేషెంట్, లివర్‌లో 7 సెం.మీ. చీముగడ్డ: మెట్రోనిడజోల్ ఒక్కటే చాలా?

ప్రశ్న:
ఆవిడకి 74 ఏళ్లు, షుగర్ ఉంది. పది రోజులుగా అన్నం సయించడం లేదు, రెండు రోజులుగా మాట పొంతన లేదు. జ్వరం 99 దాటలేదు, కడుపునొప్పి లేదంటున్నారు. తెల్లకణాలు 18,000, అల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) 2.4, క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) 1.6. అల్ట్రాసౌండ్‌లో కుడివైపు 7 సెం.మీ. గడ్డ. అమీబా అనుకుని మెట్రోనిడజోల్ ఇస్తున్నారు, మూడో రోజుకీ మార్పు లేదు. ఈ వయసులో డ్రెయిన్ (చీము బయటికి తీసే ట్యూబ్) తట్టుకుంటారా?

జవాబు 1:
డాక్టర్ గారూ, కల్లు తాగే నడివయసు మగవాళ్లయితే ముందు అమీబానే అనుకోవాలి. ఈవిడ విషయంలో మాత్రం క్లెబ్సియెల్లా, ఈ.కోలై అనే బ్యాక్టీరియాలే మొదటి అనుమానం. వాటి మీద మెట్రోనిడజోల్ పనిచేయదు. పెద్దవయసులో జ్వరం, నొప్పి లేకపోవడం మామూలే, అయోమయమే సెప్సిస్ (ఒళ్లంతటినీ దెబ్బతీసే తీవ్ర ఇన్ఫెక్షన్) లక్షణం కావచ్చు. ఇప్పుడే రెండు చేతుల నుంచీ బ్లడ్ కల్చర్ (ఏ క్రిమో తేల్చే రక్తపరీక్ష) తీయండి, సీసాకి 8–10 మి.లీ. ఆ వెంటనే సెఫ్ట్రియాక్సోన్ 2 గ్రా. రోజుకోసారి, మెట్రోనిడజోల్ కొనసాగించండి. బీపీ పడిపోతున్నా, ఈమధ్య హాస్పిటల్‌లో ఉండి వచ్చినా మెరోపెనెమ్, కిడ్నీకి తగ్గ డోసులో. ఈ క్రియాటినిన్‌తో అమికాసిన్ జోలికి పోకండి, అది కిడ్నీని దెబ్బతీస్తుంది. వార్ఫరిన్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతుంటే ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చెప్పే పరీక్ష) చూడండి, మెట్రోనిడజోల్‌తో బాగా పెరుగుతుంది.

జవాబు 2:
5 సెం.మీ. దాటిన గడ్డకి మందులొక్కటే చాలవు, చీము బయటికి రావాలి. వయసు అడ్డు కాదు, లోకల్ ఇంజెక్షన్‌తో అల్ట్రాసౌండ్ చూస్తూ 10–12 ఫ్రెంచ్ (ట్యూబ్ లావు కొలత) పిగ్‌టెయిల్, అంటే కొస చుట్టుకుని ఉండే సన్నని ట్యూబ్ పెట్టేయొచ్చు. ముందు ఐఎన్ఆర్, ప్లేట్‌లెట్లు చూసుకోండి. హైడాటిడ్ తిత్తి (బద్దెపురుగు వల్ల వచ్చే నీటితిత్తి) కాదని తేల్చుకున్నాకే సూది పెట్టాలి. చీముని స్వాబ్ మీద కాదు, గాలి తీసేసిన సిరంజిలో ల్యాబ్‌కి పంపండి, లేకపోతే అనెరోబ్‌లు (ఆక్సిజన్ లేని చోట పెరిగే బ్యాక్టీరియా) దొరకవు. ఎనిమిది గంటలకోసారి 10 మి.లీ. సెలైన్‌తో ఫ్లష్ చేయించండి.

వార్డులో తప్పు జరిగేది లెక్క దగ్గర: ఫ్లష్ కోసం రోజంతా ఎక్కించిన 30 మి.లీ. సెలైన్‌ని తీసేయకుండానే డ్రెయిన్ ఎంత వచ్చిందో రాసేస్తారు. చీము ఉన్నట్టుండి ఆగిపోయి జ్వరమో సీఆర్‌పీయో (ఇన్ఫెక్షన్ తీవ్రత చెప్పే రక్తపరీక్ష) తగ్గకపోతే అది నయమవడం కాదు. ట్యూబ్ మూసుకుపోయింది, లేదా పక్కన ఇంకో చీము గది ఉంది. మళ్లీ స్కాన్ చేయండి. రోజుకి 10 మి.లీ. లోపుకి వచ్చి, స్కాన్‌లో గడ్డ కుంచించుకుపోయాకే తీయండి.

జవాబు 3:
కల్చర్‌లో క్లెబ్సియెల్లా వస్తే కళ్లు రోజూ చూడండి, అది కంటికి పాకగలదు. ఎర్రబడినా చూపు మసకబారినా అదే రోజు కంటి డాక్టర్‌కి చూపించాలి, ఆలస్యమైతే చూపు దక్కదు. అయోమయంలో ఉన్న మనిషి తనంతట తాను చెప్పరు, వేళ్లు చూపించి లెక్కపెట్టించండి. పిత్తనాళంలో రాళ్లుంటే ఎంఆర్‌సీపీలో (పిత్తనాళాల ఎంఆర్ఐ స్కాన్) తెలుస్తుంది. అవి అలాగే ఉంటే గడ్డ మళ్లీ వస్తుంది. కోలుకున్నాక కొలనోస్కోపీ (పెద్దపేగుని కెమెరాతో చూసే పరీక్ష) గురించీ ఆలోచించండి, పెద్దపేగు క్యాన్సర్ ఇలా బయటపడుతుంటుంది.

ప్రశ్న:
థాంక్స్ సార్. మాత్రలకి ఎప్పుడు మారాలి?

జవాబు 1:
జ్వరం లేకుండా, సీఆర్‌పీ దిగుతూ, తిండి తింటుంటే సుమారు రెండు వారాలకి, కల్చర్‌లో పనిచేస్తుందని వచ్చిన మందుకే. మొత్తం కోర్సు 4–6 వారాలు.