యాభై లక్షల బండితో విలాస కార్ల పేరు పలుచన అవుతుందా?

కూకట్‌పల్లి కాపురం:

ఆన్‌రోడ్ 60 లక్షల లోపు కారు తీసుకోవాలని మూడు వారాలుగా షోరూంల చుట్టూ తిరుగుతున్నాను. ఏది కొనాలో చెప్పమని అడగడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. తిరుగుతున్నకొద్దీ ఒక సందేహం బలపడింది, దాని మీద మీ అభిప్రాయాలు కావాలి.

టయోటా కొత్త కామ్రీ హైబ్రిడ్ 2024 డిసెంబరులో 48 లక్షల ఎక్స్‌షోరూం ధరతో (అంటే రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్, బీమా కలపని ధరతో) వచ్చింది. మరుసటి నెలలోనే బీఎండబ్ల్యూ తన ఎలక్ట్రిక్ ఐఎక్స్1ను పొడవు పెంచి, ఇక్కడే తయారుచేసి, 49 లక్షలకు విడుదల చేసింది. మామూలు కంపెనీకీ విలాస కార్ల కంపెనీకీ మధ్య మనం ఇన్నాళ్లుగా గీసుకున్న గీత వెడల్పు ఆ ధరల్లో లక్ష రూపాయలు. మరోవైపు మెర్సిడెస్ 2022లో తన పెట్టుబడుల్లో 75 శాతానికి పైగా ఖరీదైన మోడళ్లకే కేటాయిస్తానని, చిన్న కార్ల రకాలను ఏడు నుంచి నాలుగుకు తగ్గిస్తానని ప్రకటించింది. ఒకరు మెట్లు దిగుతున్నారు, మరొకరు నిచ్చెన పైకి లాక్కుంటున్నారు.

నాకు ఈ ప్రశ్న కలగడానికి కారణం గత ఆదివారం జరిగిన ఒక చిన్న సంగతి. షోరూం పేరు చెప్పను. అక్కడి అన్నిటికంటే చిన్న మోడల్ చూపించమంటే, సేల్స్ కుర్రాడు దాని తలుపు తెరిచి పట్టుకుని, కళ్లు మాత్రం పక్కనున్న పెద్ద బండి మీద పెట్టి, “సర్, ఇది ఎంట్రీ మోడల్, ఇంకో పాతిక వేసుకోగలిగితే అసలు బండి వస్తుంది” అన్నాడు. ఇల్లు కొనేంత డబ్బు పెడుతున్నవాడిని కూడా గుమ్మం బయటే నిలబెట్టేటట్టయితే, అసలు ఆ చిన్న బండి అమ్మకానికి పెట్టడం దేనికి? విలాస కార్ల కంపెనీలు యాభై లక్షల మెట్టు దాకా దిగి రావాలా, లేక ఆ మెట్టును టయోటా, స్కోడా లాంటివారికి వదిలేసి పైనే ఉండిపోవాలా?

ఆటోనగర్ పాతకాపు:

దిగి రాకూడదన్నదే నా అభిప్రాయం, అదీ షెడ్డులో నిలబడి చూసినవాడిగా చెబుతున్నాను. బెజవాడ ఆటోనగర్‌లో 22 ఏళ్లుగా వర్క్‌షాపు నడుపుతున్నాను. మా దగ్గరకు వచ్చే పెద్ద కంపెనీల కార్లలో సగానికి పైగా వారంటీ దాటిన చిన్న మోడళ్లే. యజమాని బండి దిగగానే ముందు వంగి బంపర్ కింద స్పీడ్ బ్రేకర్ గీసిన గీతను వేలితో తడుముతాడు, తరువాత గొంతు తగ్గించి, “బయటి పార్టు దొరకదా అండీ?” అని అడుగుతాడు. హెడ్‌లైటు ఒక్కటి మార్చాలంటే పడే బిల్లు ఎంతో అతనికి కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఏనుగును కొని అంకుశం దగ్గర తగవుపడే పరిస్థితికి మనిషిని నెట్టింది ఆ తక్కువ ధరే. ఆ తరువాత అతను ఊరంతా తిరిగి, ఆ కంపెనీ పేరు గొప్ప ఊరు దిబ్బ అని చెబుతాడు. కోటిన్నర బండి కొన్నవాడు అదే బిల్లు కట్టి మాట్లాడకుండా వెళ్లిపోతాడు. కాబట్టి పేరు ఎక్కడ పోతోందో మీరే ఆలోచించండి.

మిషిగన్ తెలుగువాడు:

పాతకాపు గారి మాటకు ఇక్కడి అమెరికా కార్ల చరిత్రలో మంచి సాక్ష్యం ఉంది. 1982 మోడల్‌గా, జనరల్ మోటార్స్ వారి విలాస కార్ల కంపెనీ కాడిలాక్, సిమరాన్ అని ఒక చిన్న కారు తెచ్చింది. అది అదే జనరల్ మోటార్స్ అమ్మే చౌక కారు షెవర్లే కావలియర్‌కు తోలు సీట్లు కుట్టి, ముందు కొత్త గ్రిల్ తగిలించిన బండి అని తెలుసుకోవడానికి జనానికి ఎంతో సమయం పట్టలేదు. 1988తో దాన్ని ఆపేసినా, కార్ల పరిశ్రమలో పనిచేసేవాళ్లు ఇప్పటికీ పేరు పలుచన కావడం గురించి మాట్లాడేటప్పుడు ముందు దాన్నే తలుచుకుంటారు. ఫోర్డ్ చేతిలో ఉన్నప్పుడు జాగ్వార్ కూడా 2001లో ఫోర్డ్ మామూలు కారు మాండియో పునాది మీద ఎక్స్‌టైప్ అనే కారు కట్టి అదే దారి పట్టింది. 2008లో ఆ కంపెనీ టాటాల చేతికి వచ్చింది. ఇప్పుడు జాగ్వార్ పూర్తిగా ఎదురు దారిలో, పాత మోడళ్లన్నీ ఆపేసి, తక్కువ సంఖ్యలో ఎక్కువ ధరకు ఎలక్ట్రిక్ కార్లు మాత్రమే అమ్ముతానంటోంది. కిందికి దిగి దెబ్బతిన్న కంపెనీ పైకెక్కి బాగుపడుతుందో లేదో ఇంకా తేలవలసే ఉంది.

అయితే సిమరాన్‌లో తప్పు ధరది కాదని నా వాదన. తప్పు మోసానిది. దీనికి ఎదురుగా, టయోటా వారి విలాస కార్ల పేరు లెక్సస్‌ను చూడండి. 1989లో ఎల్ఎస్ 400తో అమెరికాలో అడుగుపెట్టిన కొద్ది నెలలకే, డిసెంబరులో, సుమారు 8,000 కార్లను వెనక్కి పిలవవలసి వచ్చింది. కొత్త పేరుకు అంతకంటే పెద్ద గండం ఏముంటుంది? వాళ్లు యజమానుల ఇళ్ల దగ్గరకే మనుషులను పంపి కార్లు తీసుకువెళ్లి, బాగుచేసి, కడిగి, ట్యాంకు నింపి తిరిగి అప్పగించారు. లెక్సస్ అంటే ఏమిటో ప్రకటనలకంటే ఎక్కువగా ఆ కొన్ని వారాలే అమెరికావాళ్లకు చెప్పాయి. అందువల్ల పాతకాపు గారి షెడ్డులో బయటపడుతున్నది ధర లోపం కాదు, అమ్మిన తరువాతి బాధ్యత లోపం అని మనవి.

పద్దుల మనిషి:

నేను వృత్తిరీత్యా ఖాతాలు చూసేవాడిని కనుక మనోభావాలు పక్కనపెట్టి అంకెలు చెబుతాను. 2024లో మెర్సిడెస్ మన దేశంలో 19,565 కార్లు అమ్మింది, బీఎండబ్ల్యూ తన చిన్న కార్ల పేరు మినీతో కలిపి 15,721 అమ్మింది. ఆ ఏడాది దేశంలో అమ్ముడైన మొత్తం ప్యాసింజర్ వాహనాలు 40 లక్షలకు పైమాటే. ఈ రెండు కంపెనీలూ కలిసినా నూటికి ఒకటి కూడా కాదు. ఇంత చిన్న మార్కెట్‌లో కోటిన్నర బండ్లు మాత్రమే అమ్మే కంపెనీ రాజమండ్రిలోనో కరీంనగర్‌లోనో వర్క్‌షాపు ఎందుకు తెరుస్తుంది, స్పేర్ పార్టులు ఎందుకు నిల్వ పెడుతుంది? చిన్న మోడల్ అమ్ముడైతేనే సర్వీసు ఊళ్లకు వస్తుంది, సర్వీసు వస్తేనే పెద్ద బండి కొనేవాడికీ ధైర్యం వస్తుంది.

ఇంకొక సంగతి. ఆ లక్ష రూపాయల గీతను చెరిపింది కంపెనీలు మాత్రమే కాదు, పన్నుల పట్టిక కూడా. పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 శాతం దాకా ఉన్న పన్ను 2025 సెప్టెంబరు 22 నుంచి 40 శాతం అయింది, ఎలక్ట్రిక్ కారు మీద మాత్రం 5 శాతమే ఉంది. దానికి తోడు తెలంగాణలో ఎలక్ట్రిక్ వాహనాలకు 2024 నవంబరు 18 నుంచి 2026 డిసెంబరు 31 వరకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము మినహాయించారు. కూకట్‌పల్లి గారు ఆన్‌రోడ్ లెక్క వేస్తే, ఎక్స్‌షోరూంలో లక్ష తక్కువగా కనిపించిన కామ్రీ లైఫ్ టాక్సు (ఒకేసారి కట్టే రోడ్డు పన్ను) కట్టేసరికి ఐఎక్స్1 కంటే లక్షల్లో ఎక్కువకు తేలుతుంది. ప్రభుత్వం వంచిన తక్కెడను చూసి, కంపెనీ తన స్థానం దిగజార్చుకుందని తీర్పు చెప్పడం తొందరపాటు.

భీమవరం బాబాయి:

అంకెలు బాగున్నాయి గానీ మా వైపు హోదా లెక్కలు వేరుగా ఉంటాయి. మా ఊళ్లో చెరువుల మీద కోట్లు సంపాదించినవాళ్లు కూడా ఫార్చ్యూనరో ఇన్నోవానో దిగితేనే “వచ్చాడు” అంటారు. చిన్న జర్మన్ సెడాన్‌లో వస్తే, అద్దె బండా అని అడిగినా అడుగుతారు. బండి ఎత్తు, వెనక సీటు వైశాల్యం, రోడ్డు ఎలా ఉన్నా ఆగకుండా పోవడం, ఇవే ఇక్కడ విలాసం.

అలాగని పేరుకు బలం లేదనడం లేదు. మారుతి 2011లో కిజాషి అని 16 లక్షలు దాటిన సెడాన్ తెచ్చింది. బండి నడిపినవాళ్లు మెచ్చుకున్నారు, అయినా మారుతి పేరు మీద అంత పెట్టడానికి జనం ముందుకు రాలేదు. కొన్నేళ్లకు అది కనుమరుగైంది. ఆ పాఠం ఒంటబట్టాక కాబోలు, 2015లో నెక్సా పేరుతో వేరే షోరూంలు తెరిచి, అక్కడ ఖరీదైన మోడళ్లు అమ్మడం మొదలుపెట్టారు. కింద నుంచి పైకి ఎక్కేవాడికి వేరే గుమ్మం కావాలి. మరి పై నుంచి కిందికి దిగేవాడికి అక్కర్లేదా?

ఒక తమాషా కూడా చూడండి. నడిపేవాడి ఆనందం అన్న మాట మీదే పేరు కట్టుకున్న బీఎండబ్ల్యూ ఇక్కడ 3 సిరీస్‌ను, ఇప్పుడు ఐఎక్స్1ను, చక్రాల మధ్య దూరం పెంచి వెనక సీటు కోసం అమ్ముతోంది. మెర్సిడెస్ 2017 నుంచే ఇ క్లాస్‌ను పొడవు పెంచి ఇస్తోంది. అంటే ధర సంగతి ఎలా ఉన్నా, డ్రైవర్‌ను పెట్టుకునేవాళ్ల దేశంలో యజమానిని ఎక్కడ కూర్చోబెట్టాలో వాళ్లకు తెలిసిపోయింది.

ఆటోనగర్ పాతకాపు:

మిషిగన్ గారు, మీరు చెప్పిన లెక్సస్ కథలో యజమాని లక్షలు పెట్టి పెద్ద కారు కొన్నవాడే కదా. చిన్న బండి కొన్నవాడి ఇంటికి ట్యాంకు నింపి పంపిస్తారా? నాకు నమ్మకం లేదు. అయితే పద్దుల మనిషి గారు చెప్పిన వర్క్‌షాపుల మాటకు మాత్రం తలవంచుతున్నాను. కంపెనీ వర్క్‌షాపు అందుబాటులో లేకనే సగం బండ్లు నా దగ్గరకు వస్తున్నాయి. అది నా గిరాకీ కనుక ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

కూకట్‌పల్లి కాపురం:

అందరి మాటలూ చదివాక నా ప్రశ్ననే కొంచెం తప్పుగా వేశానని అనిపిస్తోంది. మొన్న రాత్రి 9.40కి అదే షోరూం నుంచి వాట్సాప్‌లో కొత్త కొటేషన్ వచ్చింది. ఆదివారం “ఒక్క రూపాయి తగ్గదు సర్” అన్న బండికి ఆరు లక్షలు తగ్గించారు, నెలాఖరు లోపు బుక్ చేస్తే ఇన్సూరెన్సు కూడా ఉచితమట. నాకు సంతోషం కలగలేదు. శనివారం నాడు పూర్తి ధర కట్టి, నిమ్మకాయలు తొక్కించి తీసుకువెళ్లినవాడు ఎవడో ఉంటాడు కదా, అతని గురించి ఆలోచన వచ్చింది. రేపు నేను కొన్న మర్నాడు ఎనిమిది తగ్గిస్తే నా బండి రీసేల్ ఏమవుతుంది?

కాబట్టి బండి 49 లక్షలదా, కోటిన్నరదా అన్నది ఆ పేరుకు చేసే కీడు కొంచెమే. ఒకే బండికి ముగ్గురికి మూడు ధరలు చెప్పడం అంతకంటే ఎక్కువ కీడు చేస్తుంది. చీరల దుకాణంలో బేరం ముచ్చటే, బంగారం రేటు దగ్గర మాత్రం బోర్డు చూస్తాం, ఎందుకంటే దాని విలువ మీద మనకు నమ్మకం ఉంది. విలాస కార్ల కంపెనీ తనను బంగారంతో పోల్చుకోవాలనుకుంటే ముందు బోర్డు పెట్టాలి. మెర్సిడెస్ 2021 అక్టోబరు నుంచి మన దేశంలో ఆ పని చేసింది. కార్లు డీలర్ సొత్తుగా కాక కంపెనీ సొత్తుగానే ఉంటాయి, బిల్లు కంపెనీయే ఇస్తుంది, దేశమంతటా ఎక్స్‌షోరూం ధర ఒక్కటే, డీలర్‌కు కమీషన్. చిన్న మోడల్ అమ్మాలా వద్దా అన్నదానికంటే ఇదే పెద్ద నిర్ణయం అని నా అభిప్రాయం.

పద్దుల మనిషి:

సగం ఒప్పుకుంటాను. ఒకే ధర అన్న పద్ధతిలో కూడా, ఏ కంపెనీ అయినా సరే, తగ్గింపు పూర్తిగా మాయం కాదు. అది పాత కారు మార్పిడి విలువలోకో, లోను వడ్డీలోకో, పొడిగించిన వారంటీలోకో జరుగుతుంది. బేరం ఆడే మన అలవాటు పై గది నుంచి కింది గదికి మారుతుంది, అంతే. పైగా డీలర్ సొంత డబ్బు పెట్టి సరుకు కొననప్పుడు, ఫలానా రంగు బండి త్వరగా తెప్పించాలన్న తపన కూడా అతనికి తగ్గవచ్చు. అయినా ముగ్గురికి మూడు కాగితాలు ఇవ్వడం కంటే అది మేలేనని అంగీకరిస్తున్నాను.

మిషిగన్ తెలుగువాడు:

కూకట్‌పల్లి గారి బంగారం పోలికకు ఒక సవరణ. ధర నిలబెట్టినంత మాత్రాన పేరు రాదు. మామూలు కార్ల కంపెనీగా పేరున్న ఫోక్స్‌వాగన్ 2002లో ఫేటన్ అనే విలాస కారును జర్మనీలోని డ్రెస్డెన్‌లో అద్దాల గోడల ఫ్యాక్టరీ కట్టి మరీ తయారుచేసింది. అది ఏ లోపమూ లేని గొప్ప బండి, అయినా అమెరికా మార్కెట్ నుంచి 2006లో వెనక్కి వెళ్లిపోయింది, 2016లో తయారీయే ఆగిపోయింది. గరిటె మీద బంగారు పూత వేసినా గరిటె అనే పిలుస్తారు. ముందు నమ్మకం, తరువాతే బోర్డు.

కూకట్‌పల్లి కాపురం:

చివరిగా ఏం చేశానో చెబుతాను, అడిగినవారికి జవాబు బాకీ ఉన్నాను కనుక. ఈ శనివారం అమ్మను వెంట తీసుకువెళ్లాను. ఆమెకు 71 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. మూడు బండ్లలోనూ వెనక తలుపు తీసి, ఒక చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని, ఇంకో చెయ్యి దేని మీద వెయ్యాలో వెతుక్కుంటూ ఎక్కి దిగింది. రెండింటి గురించి ఏమీ అనలేదు, మూడోదాంట్లో మాత్రం కూర్చున్నాక చెప్పులు విడిచింది. మా ఇంట్లో అది తీర్పు.

ఆ తరువాత పాతకాపు గారి మాట గుర్తుకు వచ్చి, మూడు షోరూంలలోనూ ఒకే ప్రశ్న వేశాను: హెడ్‌లైటు ఒకటి, ముందు అద్దం, నాలుగు టైర్లు, ఐదేళ్ల తరువాత వీటికి ఎంత అవుతుందో, ఇవాళ్టి ధరలైనా సరే, కాగితం మీద రాసి ఇవ్వగలరా అని. ఒకచోట “అది సర్వీసు వాళ్లను అడగాలి సర్” అన్నారు. మరొకచోట కాఫీ ఇచ్చారు. అమ్మ చెప్పులు విడిచిన చోట, మేనేజరు పైకి ఫోను చేసి, పది నిమిషాల్లో అంకెలన్నీ తన లెటర్‌హెడ్ మీద రాసి, సంతకం పెట్టి, స్టాంపు వేసి ఇచ్చాడు. అంకెలు తక్కువేమీ కాదు. అయినా అక్కడే అడ్వాన్సు కట్టాను. బండి పేరు చెబితే చర్చ మళ్లీ మొదటికి వస్తుంది కనుక చెప్పడం లేదు.

ఆటోనగర్ పాతకాపు:

పేరు వద్దులెండి. ఆ కాగితానికి మాత్రం లామినేషన్ చేయించి గ్లవ్ బాక్సులో పెట్టుకోండి. ఐదేళ్ల తరువాత నా షెడ్డుకు వస్తే ముందు అదే అడుగుతాను.