బజర్‌బీటర్‌లో (ఆన్‌లైన్ బాస్కెట్‌బాల్ మేనేజర్ గేమ్) 2-3 జోన్ డిఫెన్స్ వేసి వరసగా ఓడిపోతున్నా, ఏం మార్చాలి?

కార్నర్‌త్రీ:
ఇది నా రెండో సీజన్. మూడు లీగ్ మ్యాచ్‌లు వరసగా పోయాయి, మూడింట్లోనూ 2-3 జోనే, అంటే ముందు ఇద్దరు, బుట్ట దగ్గర ముగ్గురు కాపలా. నా సెంటర్ ఇన్‌సైడ్ డిఫెన్స్ రెస్పెక్టబుల్, అంటే 7. గార్డులిద్దరి అవుట్‌సైడ్ డిఫెన్స్ మాత్రం 4, 5. లోపల బలముంది కదా, అక్కడే కాపలా కాద్దామనుకున్నా. మొన్న అవతలివాడు మోషన్‌తో (బయటి షాట్ల ఎటాక్) దిగి త్రీ పాయింటర్లు కుమ్మేశాడు, 22 పాయింట్ల తేడా. ఈ శనివారం వచ్చేవాడు ఐదు మ్యాచ్‌లుగా లో పోస్టే (బుట్ట దగ్గరి ఎటాక్) ఆడుతున్నాడు. మళ్ళీ 2-3 వేయనా, కోర్టంతా వెంటపడే ఫుల్ కోర్ట్ ప్రెస్ పెట్టనా?

సిక్స్త్‌మ్యాన్:
వాళ్ళ సెంటర్ ఒక్కడే ఆడుతుంటే ఇన్‌సైడ్ బాక్స్ అండ్ వన్ వేసెయ్ బ్రో, ఒకడు వాడినే అంటిపెట్టుకుంటాడు, మిగతా నలుగురూ జోన్.

పాతబెంచి:
తమ్ముడూ, ప్రెస్ జోలికి పోకు. స్టామినా లేనివాళ్ళతో వేస్తే నాలుగో క్వార్టర్‌కి నీవాళ్ళే రొప్పుతుంటారు.

జోన్ కొత్తగా డిఫెన్స్ పుట్టించదు. 2-3 బయట తీసి లోపల పెడుతుంది, 3-2 లోపల తీసి బయట పెడుతుంది. నీ గార్డుల దగ్గర ఉన్నదే 4, అందులోంచి ఇంకాస్త తీశావు. పైగా నువ్వు వాడి బాక్స్ స్కోర్లు చూస్తున్నట్టే వాడూ నీవి చూస్తాడు. మూడుసార్లు 2-3 అని కనపడ్డాక లో పోస్ట్‌తో ఎందుకొస్తాడు? నేనూ ఒక సెమీఫైనల్ అలాగే పోగొట్టుకున్నా. సీజనంతా లో పోస్ట్ ఆడినవాడు ఆ రోజే రన్ అండ్ గన్‌తో (వేగంగా బయటి షాట్లు) దిగాడు, రెండు రోజులు అన్నం సహించలేదు. అనుమానంగా ఉంటే మ్యాన్ టు మ్యాన్ (ఒక్కొక్కడికి ఒక్కొక్కడు) వేసుకో. పెద్ద లాభం ఉండదు గానీ నిండా మునగవు.

బాక్స్ అండ్ వన్ అన్న బ్రోకి: 2019 ఎన్‌బీఏ ఫైనల్స్ రెండో మ్యాచ్‌లో టొరంటో అదే వేసింది వారియర్స్ స్టార్ కర్రీ మీద, అదీ వాళ్ళ ఇంకో షూటర్ క్లే థాంప్సన్ గాయంతో బయటికెళ్ళాక. కొంతసేపు వారియర్స్‌కి పాయింట్లు రాలేదు నిజమే. కానీ చివర్లో వదిలేసిన ఇగ్వడాలా త్రీ కొట్టాడు, 109-104తో వారియర్సే గెలిచారు. ఒకడిని పట్టుకోవాలంటే మిగతా నలుగురూ గురి లేనివాళ్ళై ఉండాలి. ఈ శనివారంవాడి గార్డుల జంప్ షాట్ చూశావా ముందు?

కార్నర్‌త్రీ:
అన్నా, నీ మాట విని మ్యాన్ టు మ్యాన్ వేశా. వాడు మాత్రం లో పోస్టే ఆడాడు! 4 పాయింట్లతో పోయింది. 2-3 వేసుంటే గెలిచేవాడినేమో.

పాతబెంచి:
ఏమో మరి, తిట్టుకో నన్ను. 22 నుంచి 4కి అయితే వచ్చావు.

కార్నర్‌త్రీ:
తిట్టనులే. ఈ వారం నుంచి గార్డులకి ప్రెషర్ ట్రైనింగ్ (అవుట్‌సైడ్ డిఫెన్స్ పెంచేది) పెట్టా.