పదేళ్ల పాపకు చేతి ఎంబ్రాయిడరీ: గుడ్డ ముడతలు పడుతున్నది, దారం చిక్కుపడుతున్నది

ప్రశ్న (మిర్యాలగూడ నుంచి)

మా పాపకు పదేళ్లు. ఎండాకాలం సెలవుల్లో చేతికుట్లు నేర్పుదామని మొదలుపెట్టినం. ఐదంగుళాల చెక్క రింగు, యాంకర్ దారాలు, ఒక సూదుల ప్యాకెట్, తెల్ల పాప్లిన్ గుడ్డ ఉన్నయి. రన్నింగ్ స్టిచ్ (సూది పైకి, కిందికి పోయే సూటి కుట్టు) వేస్తే గుడ్డంతా ముడతలు. గొలుసు కుట్టు నాలుగైదు గొలుసులకే ముడిపడి ఆగిపోతున్నది. తర్వాత ఏ కుట్లు, ఏ వరుసలో నేర్పాలె? పాపది ఎడమచేతి వాటం. అదొక ఇబ్బంది. నేరుగా మగ్గం వర్క్‌లో చేర్పించమని కొందరంటున్నరు. చేర్పించొచ్చా?

జవాబు 1 (మహబూబ్‌నగర్, కుట్ల టీచర్)

అక్కా, కొత్త కుట్టు జోలికి ఇప్పుడే పోకండి. మీరు చెప్పిన రెండు తప్పులూ పాప చేతివి కావు. ఒకటి దారం పొడవుది, ఇంకోటి గుడ్డ బిగింపుది.

దారం మూరెడే తియ్యండి. మూరంటే మీ మూర కాదు, పాప మూర. పదేళ్ల పిల్లకు పద్నాలుగు, పదిహేనంగుళాలు వస్తుంది. మాటిమాటికీ సూదికి ఎక్కించే పని తప్పుతుందని పొడుగ్గా తీస్తాం, చిక్కంతా అక్కడే. గుడ్డలోంచి దూరిన ప్రతిసారీ దారం కొంచెం మెలి తిరుగుతుంది. మెలి ఎక్కువైతే తన మీద తనే చుట్టుకొని ముడిపడుతుంది. ఏడెనిమిది కుట్లకోసారి సూదిని వదిలేసి వేలాడనివ్వండి, గిర్రున తిరిగి మెలి విప్పుకుంటుంది.

యాంకర్ కట్టలో దారం ఎనిమిది మీటర్లు, అందులో ఆరు పోగులుంటాయి. ఆరింటితోనూ కుట్టిస్తున్నారేమో చూడండి. మూడు పోగులు చాలు, చెయ్యి కుదిరాక రెండు. మూడూ ఒక్కసారే లాగితే మిగతావి ఉండకట్టుకుంటాయి. ఒక్కో పోగునే పైకి లాగి, తర్వాత మూడూ పక్కపక్కన పెట్టి కలుపుకోవాలి. మూడు పోగులకు ఏడో నంబరు ఎంబ్రాయిడరీ సూది సరిపోతుంది. నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని గుర్తుంచుకోండి, దుకాణంలో చాలామంది ఇక్కడే పొరబడతారు. కన్ను మరీ ఇరుకైతే దారానికి నూగు లేస్తుంది. సూది మరీ లావైతే గుడ్డలో బెజ్జం మిగులుతుంది.

ఇక ముడతలు. రింగులో గుడ్డను వేలితో కొడితే టప్‌మనాలి. లాగేటప్పుడు పడుగు (నిలువు పోగులు) వెంట, పేక (అడ్డం పోగులు) వెంట మాత్రమే లాగండి. ఏటవాలుగా లాగి బిగిస్తే, గుండ్రంగా కుట్టిన పువ్వు రింగు తీశాక కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. పాప్లిన్ నున్నగా ఉండి జారుతుంది కాబట్టి లోపలి రింగుకు పాత కాటన్ పీలిక చుట్టండి. బిగించిన గుడ్డ మీద సూదిని ఒకే ఊపులో దూర్చి తీయకూడదు. కిందికో పోటు, మళ్లీ పైకో పోటు. పిల్లలు ఒకేసారి తీయాలని చూస్తారు, బిగువు మీద అది కుదరక దారాన్ని గుంజుతారు, ముడత పడుతుంది. రెండు మూడు కుట్లు సూది మీద ఎక్కించి లాగే పద్ధతి రింగు లేకుండా కుట్టేటప్పటిది. ఏ పూట పని ఆ పూట కాగానే రింగు విప్పేయండి, లేకుంటే గుండ్రటి మడత మచ్చ పోవడానికి తిప్పలు పడాలి.

అసలు పాప్లిన్ నేత బిగువెక్కువ, చిన్న వేళ్లకు కష్టం. కేస్‌మెంట్ గుడ్డ (కొంచెం వదులు నేత కాటన్) తీసుకోండి. పాత నారాయణపేట కాటన్ చీరలో గళ్ల ముక్క దొరికితే ఇంకా నయం. గడికి ఒక కుట్టు చొప్పున వేయిస్తే కొలత దానంతటదే కుదురుతుంది, స్కేలు, పెన్సిలు అక్కర్లేదు. పోచంపల్లి ముక్క మాత్రం వద్దు, ఆ డిజైన్‌లో పాప కుట్టు ఎటు పోయిందో కనపడదు. కొత్త గుడ్డయితే ముందే ఉతికి గంజి వదిలించండి. తర్వాత ఉతికితే గుడ్డ కుంచించుకుపోయి కుట్టు ఉబ్బుతుంది.

వరుస అడిగారు: రన్నింగ్, బ్యాక్ స్టిచ్ (ప్రతిసారీ వెనక్కి వచ్చి ముందు కుట్టుకు కలిపేది), కాడ కుట్టు (స్టెమ్ స్టిచ్), గొలుసు, లేజీ డైజీ (రేకులా ఒక్కటే గొలుసు). ఫ్రెంచ్ నాట్ (సూదికి దారం చుట్టి వేసే చిన్న ముడి), సాటిన్ (పక్కపక్కన కుట్లతో నింపేది) ఆ తర్వాతే. కాడ కుట్టులో దారం మొదటి నుంచి చివరి దాకా సూదికి ఒకే పక్కన ఉండాలి. మధ్యలో పక్క మారితే పేనిన తాడులా రాదు, అక్కడ తెగినట్టు కనపడుతుంది. గొలుసులో సూది పైకొచ్చిన బెజ్జంలోకే మళ్లీ దిగాలి. పక్కన దిగితే గొలుసు నోరు తెరుచుకుంటుంది. దారం గట్టిగా లాగితే గొలుసు గీతైపోతుంది. వంపు దగ్గర కుట్టు పొడవు సగానికి తగ్గించాలి.

ఎడమచేతి పిల్లను పక్కన కూర్చోబెట్టి చూపిస్తే అంతా తిరగబడుతుంది. ఎదురుగా కూర్చోండి, ఇద్దరూ రింగులు నిలువుగా పట్టుకోండి. అద్దంలో చూసి చేసినట్టు చేస్తుంది. మీరు కుడి నుంచి ఎడమకు పోతే ఆమె ఎడమ నుంచి కుడికి పోవాలి, దిద్దకండి.

జవాబు 2 (దేవరకొండ)

అక్క చెప్పింది నిజం. వరుస కుట్లు ఊరికే గీతల మీద కుట్టమంటే పిల్లలకు రెండ్రోజుల్ల విసుగొస్తది. తంగేడు పువ్వు కుట్టియ్యున్రి. ఐదు రేకులు, పసుపు లేజీ డైజీ, నడుమ రెండు మూడు ఫ్రెంచ్ నాట్లు. రేకుల దూరం సమానంగ రావాలంటే గడియారం గుర్తు: పన్నెండు, రెండున్నర, ఐదుకు కొంచెం ముందు, ఏడు దాటినంక, తొమ్మిదిన్నర. ఐదు చుక్కలు పెట్టుకొని నడుమ నుంచి కుట్టాలె. గునుగు ఇంకా అల్కగ అయితది. కాడ కుట్టుతోని ఒక కాడ, కొసకు గులాబి, తెలుపు రంగుల చిన్న చిన్న పొట్టి కుట్లు, కిందికి లావుగ, మీదికి సన్నగ.

ఫ్రెంచ్ నాట్ గుడ్డ కిందికి జారిపోతున్నదంటే సూది అదే బెజ్జంల దిగుతున్నట్టు. ఒక్క నూలు పోగు అవతల దిగాలె. సూది లోపటికి పొయ్యేదాక ఇంకో చేత్తోని దారాన్ని బిగ్గ పట్టుకోవాలె. సూదికి ఒకటి రెండు చుట్లకు మించితే ముడి ఊగుతది.

ఈ దిక్కు తండాలల్ల లంబాడీ కుట్టు చూసి పిల్లలు అద్దాలు అడుగుతరు. గొలుసు చెయ్యి కుదిరినంకనే ఇయ్యున్రి. అద్దం మీద అడ్డం రెండు, నిలువు రెండు కుట్లు ఒకదాని కింద ఒకటి దూర్చి, నడుమ నలుచదరం కిటికీ లెక్క చెయ్యాలె. ఈ నాలుగు కుట్లు అద్దం అంచుకు కాదు, జర లోపటికి ఉండాలె. సుట్టూ కుట్టు వేస్తుంటే అవి బయటికి గుంజుకుపోతయి, అంచుకే వేస్తే జారి అద్దం రాలిపోతది. అంచు పదునుగ ఉన్న అద్దం దారాన్ని కోస్తది, వేలునూ కోస్తది. ఏరి పక్కకు పెట్టున్రి.

జవాబు 3 (గద్వాల)

మగ్గం సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే వద్దు. మగ్గంలో ఒక చెయ్యి పైన ఆరీ సూదితో (కొసకు కొక్కెం ఉండే సూది), ఇంకో చెయ్యి ఫ్రేము కింద కనపడకుండా దారం అందిస్తూ ఉండాలి. ఫ్రేము పెద్దది, పదేళ్ల పిల్ల చెయ్యి నడుమ దాకా అందక వంగి కుట్టాల్సొస్తుంది. అదీగాక ఆరీ కొక్కెంతో పడేది గొలుసు కుట్టే. మామూలు సూదితో గొలుసు ఎట్లా పడుతుందో తెలిసిన పిల్లకు ఆ కొక్కెం కింద ఏం జరుగుతుందో కళ్లకు కట్టినట్టుంటుంది. జరీ దారం కూడా ఇప్పుడే ఇవ్వకండి, కొస చీలిపోయి దువ్వెన పళ్లలా లేస్తుంది.

ఎండాకాలం అన్నారు కాబట్టి ఒక మాట: చేతి చెమటకు సూది తుప్పు పట్టి గుడ్డలో ఇరుక్కుంటుంది. ప్రతి పావుగంటకు చేతులు కడిగి తుడుచుకోమనండి. లెక్కపెట్టి ఇచ్చిన సూదులు లెక్కపెట్టే తీసుకోండి. పక్కన ఒక అయస్కాంతం ముక్క ఉంటే చాప మీద పడ్డవి దొరుకుతాయి.

మళ్లీ ప్రశ్న (మిర్యాలగూడ)

అందరికీ దండాలు. మూరెడు దారం, గళ్ల ముక్క తీసుకున్నం, గొలుసు ముడిపడకుండ వస్తున్నది. తంగేడు పువ్వును నీలం కార్బన్‌తోని తెల్ల గుడ్డ మీద దించి, కుట్టినంక ఇస్త్రీ చేసి ఉతికినం. గీతలు పోలేదు, ఎర్ర దారం రంగు కూడ కొంచెం అంటింది.

జవాబు 1 (మహబూబ్‌నగర్)

ముందు ఇస్త్రీ చెయ్యడం వల్ల వచ్చిన తిప్పలు. కార్బన్‌లో మైనం ఉంటుంది, వేడి తగిలితే గుడ్డలోకి దిగి పట్టుకుంటుంది. గీత మీద ఇంకో వరుస గొలుసు వేసి కప్పెయ్యండి. ఈసారి పసుపు కార్బన్ వాడండి. లేదా కిటికీ అద్దానికి కాగితం, దాని మీద గుడ్డ పెట్టి హెచ్‌బీ పెన్సిలుతో లేతగా గీయండి.

ఎరుపు, ముదురు నీలం దారాలను కుట్టకముందే గోరువెచ్చని నీళ్లలో ముంచి తెల్లగుడ్డ మీద ఒత్తి చూడాలి. రంగు దిగితే ఆ కట్టను తెల్లగుడ్డకు వాడకండి. ఇప్పుడు అంటినదాన్ని ఆరనివ్వకుండా చల్లటి నీళ్లలో మళ్లీ మళ్లీ జాడించండి, పిండకండి. బోరు నీళ్లయితే సబ్బు తెట్టు మిగిలి రంగు మాసినట్టు కనపడుతుంది, ఇంకో రెండుసార్లు ఎక్కువ జాడించాలి. ఇస్త్రీ చేసేటప్పుడు కింద మందపాటి తువ్వాల పరిచి, కుట్టును బోర్లా పెట్టి వెనక నుంచి చెయ్యండి. మీది నుంచి చేస్తే ఫ్రెంచ్ నాట్లు అణిగిపోతాయి.