సినిమా పెడితే ముఖాలు మైనం బొమ్మల్లా ఉన్నాయి, ఏ సెట్టింగ్ మార్చాలి?

పాతరిమోట్: కొత్త 4కే టీవీ. వార్తలు, ఆటలు బాగానే ఉన్నాయి. సినిమా పెడితే మాత్రం ముఖాలు నున్నగా, కదలికలు సీరియల్‌లా జారిపోతున్నట్టు ఉన్నాయి. పిక్చర్ మోడ్ వివిడ్‌లో ఉంది.

వెన్నెలతెర: ముందు వివిడ్ తీసేయండి. ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది, లేకపోతే సినిమా మోడ్ పెట్టండి. మొదట్లో తెర పసుపుగా అనిపిస్తుంది, కంగారుపడి వెనక్కి మార్చకండి. సినిమాకు రంగులు దిద్దేటప్పుడు తెలుపును దాదాపు 6500 కెల్విన్ (తెలుపు ఎంత పసుపుగా, ఎంత నీలంగా ఉందో చెప్పే కొలత) దగ్గర పెట్టుకుంటారు. వివిడ్‌లో అదే తెలుపు నీలంగా మారుతుంది. కొన్నాళ్లు చూస్తే కళ్లు అలవాటు పడతాయి, ఆ తర్వాత వివిడ్‌ను మీరే భరించలేరు.

ఆ జారుడు మోషన్ స్మూతింగ్ వల్ల. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములే ఉంటాయి, మధ్యలో లేని ఫ్రేములను టీవీ కల్పిస్తుంది. ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది: ట్రూమోషన్, మోషన్‌ఫ్లో, పిక్చర్ క్లారిటీ. సినిమాలకు ఆపేయండి.

నలుపుగీత: మైనం పూసినట్టు ఉండడానికి నాయిస్ రిడక్షన్ (బొమ్మలోని చుక్కల్ని చెరిపి నున్నగా చేసేది) కూడా కారణం కావచ్చు, దాన్నీ ఆపండి. షార్ప్‌నెస్ ఎక్కువైతే అక్షరాల చుట్టూ తెల్లటి అంచు వస్తుంది, అది పోయేదాకా తగ్గించండి. అన్ని టీవీల్లోనూ సున్నా సరైనది కాదు. సోనీలో 50 దగ్గరే అదనపు పదును ఉండదు.

కిటికీపక్క: మా హాల్లో పగలు వెలుతురు ఎక్కువ. సినిమా మోడ్‌లో ఏమీ కనబడదు. బ్రైట్‌నెస్ పెంచితే నలుపంతా బూడిద రంగులోకి వచ్చింది.

వెన్నెలతెర: పెంచాల్సింది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక దీపం వెలుగు. కొన్ని టీవీల్లో బ్రైట్‌నెస్ అంటే నలుపు స్థాయి. సోనీ లాంటి వాటిలో బ్రైట్‌నెస్సే తెర వెలుగు, నలుపుకి బ్లాక్ లెవెల్ వేరే ఉంటుంది. పగటికి ఒక మోడ్, రాత్రికి ఇంకోటి సిద్ధం చేసుకోండి.

పాతరిమోట్: మార్చాను. చర్మం మళ్లీ చర్మంలా ఉంది, చాలా థాంక్స్! కానీ సెట్‌టాప్ బాక్స్‌కి వెళ్తే మళ్లీ వివిడే వస్తోంది.

నలుపుగీత: చాలా టీవీలు ప్రతి హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌కీ సెట్టింగులు విడిగా దాచుకుంటాయి. హెచ్‌డీఆర్ వీడియోకి (వెలుగునీడల తేడా ఎక్కువగా చూపేది) ఇంకో సెట్టింగుల జత ఉంటుంది, ఆ వీడియో ఆడుతున్నప్పుడే మార్చాలి. "అన్ని ఇన్‌పుట్‌లకు వర్తించు" అనేది మెనూలో ఉందేమో చూడండి. ఇంకొకరు పెట్టిన వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఛాయను సరిచేసే) అంకెలు మాత్రం ఎక్కించుకోకండి, ఒకే మోడల్లో కూడా ప్యానెల్‌కీ ప్యానెల్‌కీ తేడా ఉంటుంది.