ఆప్షన్ మంచి ధరకు దొరకాలంటే బ్రోకర్‌ను మార్చాలా, ఓపిక పట్టాలా?

కొండాపూర్84

పోయిన నెల ఒక ఫార్మా షేరు కాల్ (ముందే అనుకున్న ధరకు షేరు కొనే హక్కునిచ్చే ఆప్షన్) రెండు లాట్లు కొన్నాను. లాట్ అంటే 500 షేర్లు. స్క్రీన్ మీద చివరి ట్రేడ్ ధర 12 రూపాయలు కనిపిస్తోంది. యాప్ మార్కెట్ ఆర్డర్ (దొరికిన ధరకే కొనేయమనేది) తీసుకోలేదు, దాంతో లిమిట్ (ఇంతకు మించి కొననని చెప్పే ధర) 15 పెట్టి కొట్టేశాను. మొదటి లాట్ 13.60కి, రెండోది 14.40కి వచ్చాయి. బ్రోకరే ముంచాడనుకుని వేరే చోట ఖాతా తెరిచాను. అక్కడా అదే కథ. అప్పుడు గానీ డెప్త్ (కొనే, అమ్మే ఆర్డర్ల పట్టిక) తెరిచి చూడలేదు. కొనేవాళ్లు 11.20 దగ్గర, అమ్మేవాళ్లు 13.60 దగ్గర, మధ్యలో ఎవరూ లేరు. నేను చూసిన 12 ఎప్పుడో పొద్దున జరిగిన ట్రేడ్.

ఇప్పుడు నడిమి ధర 12.40 దగ్గర లిమిట్ పెట్టి, రెండు మూడు నిమిషాలకోసారి 10 పైసలు పెంచుకుంటూ వెళ్తున్నాను. ఇలాంటి స్ప్రెడ్‌లో (కొనే, అమ్మే ధరల మధ్య తేడా) చాలాసార్లు 12.75 దగ్గర దొరుకుతోంది. మొదటిసారి సగటున పడిన 14తో పోలిస్తే రెండు లాట్ల మీద 1250 రూపాయల తేడా. బ్రోకరేజీ చూస్తే ఆర్డర్‌కి 20. మన దగ్గర ధరను మార్చేది ఓపికే, బ్రోకర్ కాదు అని నా గట్టి నమ్మకం. డాలస్‌లో ఉన్న మా బావగారు మాత్రం ఒప్పుకోవడం లేదు, బ్రోకర్‌ను మార్చాకే తనకు ధరలు బాగుపడ్డాయంటున్నారు. మీరేమంటారు?

మాదాపూర్ కోడర్

అన్నా, మీ బావగారి మాట కూడా నిజమే అయ్యుంటుంది. అమెరికాలో ఒకే ఆప్షన్ పదికి పైగా ఎక్స్ఛేంజీల్లో నడుస్తుంది. ఆర్డర్ ఎక్కడికి పంపాలో తేల్చేది బ్రోకర్. కొందరు పెద్ద మార్కెట్ మేకర్ల (ఎప్పుడూ కొనే, అమ్మే ధరలిచ్చే సంస్థల) దగ్గర డబ్బు తీసుకుని ఆర్డర్లు వాళ్లకు పంపుతారు. ఎటు పంపారో అక్కడి రూల్ 606 కింద మూడు నెలలకోసారి వెల్లడించాలి. అలాంటి చోట బ్రోకర్‌ను బట్టి ధర మారడం సహజం.

మన నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్, అంటే ఎన్‌ఎస్‌ఈలో ఆ ఏర్పాటు లేదు. ఆర్డర్ నేరుగా ఎక్స్ఛేంజ్ బుక్‌లోకి వెళ్తుంది. మెరుగైన ధర ఇచ్చినవాళ్లది ముందు, ధర ఒకటే అయితే ముందొచ్చినవాళ్లది ముందు. ఏ బ్రోకర్ నుంచి వచ్చిందన్నది అక్కడ లెక్కలోకి రాదు.

మంగళవారం ఎక్స్‌పైరీ

ఓపిక పట్టమని చెప్పడం తేలికే. నేను నిఫ్టీ సూచీ ఆప్షన్లు మాత్రమే చేస్తాను. స్పాట్‌కు (సూచీ ఇప్పుడున్న స్థాయికి) దగ్గరి స్ట్రైక్‌లో (ఆప్షన్‌కు ముందే పెట్టిన ధర) బిడ్‌కీ ఆస్క్‌కీ, అంటే కొనే, అమ్మే ధరలకు మధ్య మామూలుగా 5, 10 పైసలే. లాట్ 75గా ఉన్నప్పటి లెక్క చెబుతాను. 10 పైసలు మిగిలితే ఏడున్నర రూపాయలు. దానికోసం కూర్చున్నప్పుడు నిఫ్టీ 15 పాయింట్లు ఎగిరిందంటే, డెల్టా (సూచీ ఒక పాయింట్ కదిలితే ఆప్షన్ ధర ఎంత కదులుతుందో చెప్పేది) 0.5 అనుకున్నా ప్రీమియం, అంటే ఆప్షన్ ధర, ఏడున్నర పాయింట్లు పెరుగుతుంది. అంటే దాదాపు 560 రూపాయలు పోయినట్టే.

ఇంకోటి. లిమిట్ పెట్టి ఎదురుచూస్తే ఏ ఆర్డర్లు ఫిల్ అవుతాయో గమనించారా? కాల్ కొనాలని పెడితే, మార్కెట్ కిందికి జారేటప్పుడు వెంటనే దొరుకుతుంది. పైకి పోతే మనల్ని వదిలేసి పోతుంది. దొరికినవే లెక్కేసుకుని "12.75కి దొరికింది" అంటే సరిపోదు, దొరకనివి కూడా రాసుకోవాలి.

బ్రోకర్‌తో పని లేదన్న మాట నేను అసలు ఒప్పుకోను. నా పాత బ్రోకర్ యాప్ ఒక ఎక్స్‌పైరీ రోజు (ఆప్షన్ గడువు తీరే రోజు) పొద్దున నిలిచిపోయింది. నేను అమ్మిన పుట్ (సూచీ పడితే ధర పెరిగే ఆప్షన్) 38 దగ్గర ఉంది. లాగిన్ అయ్యేసరికి 91. ఆ అరగంట పడిన టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. అది కూడా ఎగ్జిక్యూషన్ ధరే కదా!

పాత సోమాజిగూడ

మన హైదరాబాద్ స్టాక్ ఎక్స్ఛేంజ్ 1943లో మొదలైంది, 2007లో గుర్తింపు పోయింది. స్క్రీన్లు రాకముందు జాబర్‌ను (అక్కడే నిలబడి షేర్లు కొని అమ్మే డీలర్‌ను) ధర అడిగితే రెండు చెప్పేవాడు, కొనేదొకటి, అమ్మేదొకటి. నువ్వు కొనడానికి వచ్చావో అమ్మడానికి వచ్చావో ముందే బయటపెట్టకు అని మా సీనియర్ నేర్పాడు. కొండాపూర్ తమ్ముడు లిమిట్ 15 పెట్టడమంటే, ఎంతకైనా కొంటానని ముందే చెప్పేయడం.

స్టాప్‌లాస్ (ధర ఒక హద్దు దాటితే నష్టం పెరగకుండా బయటపడే ఆర్డర్) సంగతి కూడా చూసుకోండి. 2021 ఆగస్టు 20న నిఫ్టీ 16,450 కాల్ కాసేపు 800 దాటి మళ్లీ కిందికి వచ్చింది. స్టాప్‌లాస్ మార్కెట్ ఆర్డర్లు పెట్టినవాళ్లు ఎగిరిన ధరలకు బయటపడాల్సి వచ్చింది. ఆ తర్వాతి నెలలో ఎన్‌ఎస్‌ఈ ఆప్షన్లలో ఆ రకం ఆర్డర్లనే ఆపేసింది. ఇప్పుడు స్టాప్‌లాస్ లిమిట్ పెట్టేటప్పుడు ట్రిగ్గర్‌కీ (ఆర్డర్ మొదలయ్యే ధర) లిమిట్‌కీ మధ్య ఎంత ఖాళీ వదలాలన్నది మీరే తేల్చుకోవాలి. తక్కువ వదిలితే ఫిల్ కాదు.

కొండాపూర్84

మంగళవారం గారూ, దొరకని ఆర్డర్ల మాట నిజం. నేను వాటిని రాసుకోలేదు. నిన్న కూర్చుని చూస్తే పదకొండు ఆర్డర్లలో నాలుగు దొరకలేదు, అందులో రెండు మంచి లాభంలోకి వెళ్లేవి. అవి కలిపితే నా 1250లో చాలా భాగం కరిగిపోతుంది. నిఫ్టీ లాంటి చోట ఆగడం దండగ అని కూడా ఒప్పుకుంటున్నాను.

కానీ షేర్ల ఆప్షన్లలో నా మాట మార్చుకోను. 12.40 ప్రీమియానికి స్ప్రెడ్ 2.40 ఉంటే, నడిమి ధరతో పోలిస్తే కొన్న క్షణంలోనే పదో వంతు పోతోంది. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబర్ అధ్యయనంలో ఎఫ్ అండ్ ఓ (ఫ్యూచర్స్, ఆప్షన్స్) చేసే ఒక్కో వ్యక్తి 2023-24లో సగటున 26,000 రూపాయలు ఖర్చుల కింద కట్టాడని తేలింది. అవి బ్రోకరేజీ, పన్నులు, ఎక్స్ఛేంజ్ ఫీజులు. స్ప్రెడ్‌లో పోయింది ఏ కాంట్రాక్ట్ నోట్‌లోనూ ఒక ఖర్చుగా కనిపించదు, అందుకే మనం 20 రూపాయల గురించి అంతగా మాట్లాడతాం.

రెండో ఖాతా మూసేయాలనుకున్నాను, మీ యాప్ అనుభవం చదివాక ఉంచేస్తున్నాను. ఒకటి నిలిచిపోతే రెండోదాంట్లో కనీసం ఎదురు పొజిషన్ వేసుకోవచ్చు. దానికి సరిపడా మార్జిన్ (పొజిషన్‌కు హామీగా ఉంచే డబ్బు) అందులో ఎంత ఉంచాలో ఎవరైనా లెక్క చెప్పగలరా?